పక్కనే సముద్రం ఉన్నా చలికాలం పొగ ఎందుకు?

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల నుంచి గాలి మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: సంపాదకులు గారికి నమస్కారం. మా ఇల్లు బరంపురంలో. గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్లు. ఎండాకాలం మధ్యాహ్నం చల్లగాలి మా డాబా మీదికి వచ్చేస్తుంది. కానీ దీపావళి దాటిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా పొద్దున్నే పొగ వాసన, గొంతులో గరగర. సముద్రం ఏడాది పొడుగునా అక్కడే ఉంది కదండీ, మరి ఈ తేడా ఎందుకు?
గృహిణి, బరంపురం

జవాబు: సముద్రం అక్కడే ఉంది గానీ గాలి ఏడాదంతా అటునుంచి రాదమ్మా. పగలు ఎండకు నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే ఆ చోటికి సముద్రం మీది గాలి వస్తుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంది కాబట్టి ఈ గాలి ఆగ్నేయం నుంచి మొదలై, సాయంత్రానికి దక్షిణం వైపు తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎలాగూ దక్షిణ నైరుతి గాలి తీరం వెంబడి బలంగా వీస్తుంటుంది. సముద్రపు గాలి దానికి తోడవుతుంది. ఆ రెండు నెలల్లో ఊళ్లో పొగ నిలవడానికి వీలుండదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పరిస్థితి వేరు. ఆ కాలంలో వీచే అసలు గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం, ఈశాన్యం నుంచి వస్తుంది. సముద్రపు గాలి దానికి ఎదురు నెట్టుకుంటూ రావాలి. గోపాల్‌పూర్‌లో పదకొండుకు మొదలైందనుకోండి, గంటకు పది పదిహేను కిలోమీటర్ల చొప్పున కదిలి మీ వీధికి చేరేసరికి పన్నెండో ఒంటిగంటో అవుతుంది. ఉత్తరపు గాలి గట్టిగా ఉన్న రోజున ఊరిదాకా రానే రాదు. వచ్చినా పొద్దు వాలగానే ఆగిపోతుంది.

అసలు బాధ రాత్రిది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి కిందే ఉండిపోతుంది. దానిపైన వెచ్చటి పొర ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సిన గాలి ఇక్కడ తలకిందులవుతుంది. కింది పొగ ఆ వెచ్చటి పొరను దాటి లేవలేదు, గిన్నె మీద మూత పెట్టినట్టే. జనవరి మధ్యాహ్నం పొగ కలిసిపోవడానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు దొరికితే, తెల్లవారుజామున వంద నుంచి రెండు వందల మీటర్లే దొరుకుతుంది. బళ్లూ పొయ్యిలూ చెత్త మంటలూ పెరగకపోయినా, అవి వదిలే పొగకు దొరికే చోటు ఐదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది.

దీన్ని చూడటానికి పరికరం అక్కర్లేదు. జనవరిలో ఆరున్నరకు డాబా ఎక్కి, ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లు గొట్టాన్ని చూడండి. పొగ నిటారుగా కొంత లేచి, ఒకచోట ఆగి, అక్కణ్నుంచి అడ్డంగా పల్చటి చారలా సాగిపోతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఆ చార చెదరడం మొదలవుతుంది. పదికల్లా పొగ మెలికలు తిరుగుతూ పైకి పోతుంటుంది. చార చెదిరే ఆ అరగంట, గంటలో రాత్రంతా పైన నిలిచిన పొగ కిందికి కలుస్తుంది. ఎండ వచ్చాక వాసన తగ్గాల్సింది పోయి ఎనిమిది దాటాక పెరిగిందేమిటి అని చాలామందికి అనిపించేది అందుకే.

ఇంకొకటి. రాత్రి నేల మీంచి సముద్రం మీదికి పలచగా భూమి గాలి వీస్తుంది. ఊరి పొగలో కొంత అలా సముద్రం మీదికి పోయి, మర్నాడు సముద్రపు గాలితోపాటు తిరిగి వస్తుంది. కాబట్టి చలికాలంలో సముద్రపు గాలి తొలి గంట అంత శుభ్రమైనది కాదు. పైగా ఉత్తరపు గాలి గంగా మైదానం మీది మసక పొరను తీరం వెంబడి కిందికి తెస్తుంది. 2008 డిసెంబరు చివర్నుంచి 2009 జనవరి దాకా సాగర్ కన్య నౌక మీద జరిగిన శీతాకాలపు ఐకార్బ్ (గాలిలో తేలే ధూళి, మసి, వాయువుల మీద ఇస్రో జరిపిన అధ్యయనం) పరిశీలనల్లో బంగాళాఖాతం నడిమధ్య కూడా నేల మీంచి వచ్చిన మసి కనిపించింది. దాన్ని మనం ఆపలేం. మన వీధి పొగ దానిమీద చేరకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

చలికాలంలో కిటికీలు ఉదయం తొమ్మిదిన్నర తర్వాత తెరవండి. సాయంత్రం ఐదింటికి, వీధిలో పొయ్యిలు రాజేయకముందే మూయండి. ఎండాకాలంలో ఇదే నియమం పెట్టుకుంటే ఇల్లు ఉడికిపోతుంది. అప్పుడు రాత్రంతా తెరిచే ఉంచుకోవచ్చు.

ప్రశ్న: మా బడిలో డ్రిల్లు పొద్దున్న ఏడున్నరకు. జనవరిలో పిల్లలు దగ్గుతున్నారు. సాయంత్రానికి మార్చమంటారా?
ప్రధానోపాధ్యాయుడు, గంజాం జిల్లా

జవాబు: మార్చండి. డిసెంబరు, జనవరి నెలల్లో మూడు నుంచి నాలుగున్నర మధ్య పెట్టండి, ఆ వేళకు గాలి బాగా కలిసి ఉంటుంది. ఐదున్నర దాటితే మళ్లీ ఉదయం పరిస్థితే. మార్చి నుంచి మాత్రం పొద్దున్నకే మార్చాలి. అప్పుడు మధ్యాహ్నం ఎండతోపాటు ఓజోను కూడా పెరుగుతుంది. బళ్ల పొగ మీద ఎండ పడి తయారయ్యే వాయువది, పరుగెత్తే పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. లేజరు సెన్సరు కొని హాస్టల్ డాబా మీద పెట్టాను. మంచు పట్టిన రోజున పీఎం 2.5 (రెండున్నర మైక్రాన్ల లోపు సన్నధూళి, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంకె 180, 200 చూపించి, పదకొండుకల్లా 50కి దిగిపోతోంది. నిజంగా అంత తేడా ఉంటుందా, సెన్సరే తప్పా?
విద్యార్థి, బరంపురం

జవాబు: రెండూ ఉన్నాయి. ఉదయం గాలి చెడ్డదే, కానీ మీ సెన్సరు దాన్ని ఎక్కువ చేసి చూపిస్తోంది. తీరప్రాంతంలో ఇది తెలుసుకోకపోతే సెన్సరు పెట్టి ప్రయోజనం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

లోపలున్న చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. లేజరు కాంతి ధూళి రేణువు మీద పడి చెదిరితే, పక్కనున్న ఫొటోడయోడు ఆ చెదిరిన వెలుతురును కొలుస్తుంది. అంటే అది బరువును కొలవడం లేదు, వెలుతురును చూసి బరువును అంచనా వేస్తోంది. సముద్రపు ఉప్పు రేణువు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే నీళ్లు పీల్చుకుని చుక్కగా మారుతుంది. తేమ 80 శాతం వద్ద దాని అడ్డం (వ్యాసం) ఎండు రేణువుకు దాదాపు రెండింతలు. వెలుతురు చెదరడం అడ్డం వర్గాన్ని బట్టి పెరుగుతుందనుకుంటే నాలుగింతలు. ధూళి పెరగలేదు, నీళ్లు చేరాయి. సెన్సరుకు ఆ తేడా తెలియదు. పొగమంచు పడితే మంచు చుక్కల్నే ధూళిగా లెక్కపెడుతుంది.

ఒకసారి తడిసిన ఉప్పు రేణువు తేమ 75 కిందికి రాగానే ఆరిపోదు. మళ్లీ గట్టిపడాలంటే తేమ సుమారు 45 శాతానికి దిగాలి. మన తీరంలో అంత పొడి గాలి తక్కువ. అందుకే మధ్యాహ్నపు అంకెలో కూడా కొంత నీళ్ల లెక్క ఉంటుంది.

కాలుష్య నియంత్రణ మండళ్లు గంటగంటకూ కొలిచే కేంద్రాల్లో బీటా కిరణాల పరికరాలు ఎక్కువ. వాటిలో గాలి వచ్చే గొట్టానికి వేడి పెట్టే చుట్టు ఉంటుంది. ముందు తేమ పోగొట్టి, ధూళిని కాగితపు టేపు మీద పట్టి, ఆ టేపు ఎన్ని బీటా కిరణాలను అడ్డుకుందో చూసి బరువు తేలుస్తారు. మీ సెన్సరులో ఆ వేడి లేదు.

మీరు చేయగలిగింది ఇది. పక్కనే తేమ, ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సరు పెట్టండి. తేమ 85 దాటిన గంటల అంకెల్ని వేరే రంగులో గుర్తించి సగటులో కలపకండి. ఒకే రకం సెన్సర్లు రెండు పక్కపక్కన పెడితే ఏది దారి తప్పుతోందో తెలుస్తుంది. రెండింటి మధ్య తేడా ఇరవై శాతం దాటి వారం పాటు అలాగే ఉంటే ఒకటి చెడుతున్నట్టే. నేలకు రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో, చూరు కింద, ఉత్తరం గోడకు బిగించండి. వంటగది ఎగ్జాస్టు, ఏసీ బయటి పెట్టె, బట్టలారేసే తీగ దగ్గర్లో ఉండకూడదు. ఉప్పుగాలికి ఫ్యాను, సర్క్యూట్ బోర్డు అతుకులు తుప్పు పడతాయి. మూడు నెలలకోసారి ఊది శుభ్రం చేయండి. సాలీడు గూడు ఒక్క పోగు అడ్డుపడినా అంకె పడిపోతుంది లేదా ఎగబాకుతుంది. ఏడాదో రెండేళ్లో అయ్యాక మార్చేయాల్సిందే.

ఇన్ని పరిమితులున్నా పారేయకండి. మీ డాబా మీద నిన్నటికీ ఇవాళ్టికీ, మిల్లు నడిచిన రోజుకీ నడవని రోజుకీ పోలిక చూడటానికి అది చాలు. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఊరి గాలి ఇంత అని తీర్పు చెప్పకపోతే సరి.

ప్రశ్న: ఫోన్లో ఒక యాప్ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 149 అంటే ఇంకో యాప్ అదే సమయానికి 160 పైన చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?
బ్యాంకు ఉద్యోగి, ఛత్రపూర్

జవాబు: రెండూ ఒకే ధూళిని వేర్వేరు దేశాల లెక్కలో చెబుతున్నాయి. మన దేశపు సూచీ 2014లో ప్రకటించింది. పీఎం 2.5 ఘనపు మీటరుకు 75 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన పట్టికలో 61 నుంచి 90 దాకా ఉన్న ధూళికి సూచీ 101 నుంచి 200. 75లోంచి 61 తీస్తే 14. దాన్ని 99తో హెచ్చించి 29తో భాగిస్తే సుమారు 48. 101 కలిపితే 149. అదే 75 అమెరికా పట్టికలో 160 దాటుతుంది, ఎందుకంటే వాళ్ల మెట్లు వేరు.

అన్ని కాలుష్యాలకూ ఇలా విడివిడిగా లెక్క కట్టి, వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్నే సూచీగా ప్రకటిస్తారు, సగటు తీయరు. అదే రోజు పీఎం 10 (పది మైక్రాన్ల లోపు ధూళి) కొలత 130 ఉంటే దాని లెక్క 120. పెద్దది 149 కాబట్టి ఆ రోజు సూచీ 149. ధూళి లెక్క 24 గంటల సగటు మీద ఉండాలి. యాప్‌లు గంట అంకెనే సూచీగా మార్చేస్తే తెల్లవారుజామున భయపెడతాయి, మధ్యాహ్నం లేనిపోని ధైర్యం ఇస్తాయి. దగ్గర్లో కేంద్రం లేని ఊరికి ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటరు నమూనాలతో అంచనా వేసి చూపించే యాప్‌లూ ఉన్నాయి. ఆ అంకె మీ ఊళ్లో ఎవరూ కొలిచింది కాదు.

చేతితో నమూనాలు తీసే కేంద్రాల పద్ధతి వేరు. అక్కడ వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు కొలుస్తారు. ఏడాది సగటుకు అది పనికొస్తుంది. ఇవాళ పిల్లల్ని ఆడుకోవడానికి పంపాలా వద్దా అనేదానికి పనికిరాదు. మన దేశపు ప్రమాణం పీఎం 2.5కి రోజు సగటు 60, ఏడాది సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినవి 15, 5.

ప్రశ్న: అయ్యా, మా ఊరు తీరానికి నాలుగైదు కిలోమీటర్ల లోపల. తీరాన ఒక కర్మాగారం గొట్టం ఉంది. గొట్టం కిందున్న ఊరివాళ్లకు వాసన రాదట, మాకు మధ్యాహ్నం పూట ఘాటుగా వస్తుంది. చెబితే ఎవరూ నమ్మరు.
రైతు, ఛత్రపూర్ ప్రాంతం

జవాబు: మీరు చెప్పేది పూర్తిగా సాధ్యమే, దానికి కారణం తీరం తాలూకు గాలి నడకే. సముద్రం మీంచి వచ్చే గాలి చల్లగా, పొరలు కలవకుండా నిలకడగా ఉంటుంది. అది వేడి నేల మీద అడుగుపెట్టగానే కింది నుంచి ఉడకడం మొదలవుతుంది. ఆ ఉడికే పొర తీరం దగ్గర చాలా పల్చన. లోపలికి పోయేకొద్దీ మందమవుతుంది, అదీ ఒకే వేగంతో కాదు. దూరం నాలుగింతలైతే మందం రెండింతలు. తీరానికి కిలోమీటరు దూరంలో వంద, నూట యాభై మీటర్లుంటే నాలుగు కిలోమీటర్ల దగ్గర రెండు వందలు, మూడు వందలు ఉండొచ్చు.

తీరానున్న ఎత్తు గొట్టం పొగ ఆ పల్చటి పొరకు పైన, నిలకడ గాలిలోకి పోతుంది. అక్కడ చెదరదు, కట్ట కట్టినట్టే లోపలికి ప్రయాణిస్తుంది. గొట్టం కింది ఊరివాళ్ల నెత్తి మీంచే దాటిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు వచ్చేసరికి ఉడికే పొర ఆ ఎత్తుకు పెరిగి పొగను అందుకుని, ఒక్కసారిగా నేలకు దించుతుంది. అందుకే మీకు పదకొండు నుంచి మూడింటి మధ్య వాసన, పొద్దు వాలాక ఉండదు.

గొట్టం ఎత్తుకు మన దేశంలో మామూలుగా వాడే సూత్రం ఒకటుంది. గంటకు వదిలే సల్ఫర్ డయాక్సైడు కిలోలను 0.3 ఘాతానికి పెంచి 14తో హెచ్చించాలి. గంటకు 50 కిలోలైతే 45 మీటర్లు వస్తుంది. ఎంత తక్కువ వదిలినా 30 మీటర్లకు తగ్గకూడదు. ఈ సూత్రంలో సముద్రపు గాలి ఊసే లేదు. కాబట్టి గొట్టం ఎత్తు నిబంధన ప్రకారమే ఉంది అన్న జవాబు మీ ఫిర్యాదును కొట్టేయడానికి చాలదు. మా అభిప్రాయం ఇది, గట్టిగానే చెబుతున్నాం.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, వాసన మొదలైన సమయం, ఆగిన సమయం, గాలి ఏ దిక్కునుంచి, ఆకాశం ఎండా మబ్బా, ఎలాంటి వాసన అన్నది రాయండి. గాలి దిక్కు కోసం పొలం గట్టున కర్రకు పల్చటి గుడ్డ పేలిక కట్టండి. వాసన రాని రోజులు కూడా తప్పక రాయాలి. మబ్బు పట్టిన రోజున, గాలి పడమటి నుంచి ఉన్న రోజున వాసన లేదని తేలితే మీ మాటకు బలం. నాలుగైదు వారాల రాతతో కాలుష్య నియంత్రణ మండలి బరంపురం ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, కొలత మీ ఊళ్లో, ఆ గంటల్లోనే పెట్టమని అడగండి. పొద్దున్న ఎనిమిదింటికి గొట్టం కింద కొలిస్తే ఏమీ దొరకదు.

ప్రశ్న: ఉప్పుగాలి కూడా కాలుష్యమేనా?
గోపాల్‌పూర్ పాఠకుడు

జవాబు: లెక్కలో చేరుతుంది. కెరటం విరిగి ఎగిరే ఉప్పు రేణువుల్లో ఎక్కువ భాగం ముతకవి, కాబట్టి పీఎం 10లో పడతాయి. యూరప్ దేశాలు సహజంగా వచ్చే ఉప్పును లెక్కలోంచి తీసేయడానికి అనుమతిస్తాయి. మన సూచీలో ఆ తీసివేత లేదు. మే నెలలో గాలి ఉధృతంగా ఉన్నప్పుడు గోపాల్‌పూర్‌లో పీఎం 10 పెరిగి పీఎం 2.5 తక్కువే ఉంటే అందులో ఉప్పు, ఇసుక వాటా పెద్దదని అనుకోవచ్చు. ఊపిరికి దానికన్నా డీజిలు మసి చాలా చెడ్డది. ఇనుప తలుపులకు మాత్రం ఉప్పే శత్రువు. తీరాన సరుగుడు తోపు ఉన్నచోట ఆ సూదులాంటి ఆకులు కొంత ఉప్పును పట్టేస్తాయి, తోపు కొట్టేసిన చోట తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: వాన పడితే గాలి కడిగినట్టవుతుందంటారు. కానీ చలికాలంలో ఒక జల్లు పడ్డాక కూడా పొగ అలాగే ఉంది.
చికిటి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వాన చినుకు ముతక ధూళిని బాగా దించుతుంది. మైక్రానులో పదో వంతు నుంచి ఒక మైక్రాను దాకా ఉండే సన్న రేణువులు మాత్రం చినుకు చుట్టూ గాలితోపాటు పక్కకు జారిపోతాయి. పొగలో ఎక్కువ భాగం ఆ సైజే. పది నిమిషాల జల్లుకు రోడ్డు దుమ్ము అణుగుతుంది, పొగ అణగదు. మర్నాడు బురద ఎండి బళ్ల చక్రాల కింద పొడి అయితే ఆ దుమ్మూ మళ్లీ లేస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగుండటానికి వాన ఒక్కటే కారణం కాదు. రోజుల తరబడి పడటం, గాలి ఆగకుండా వీయడం, అది సముద్రం మీంచి రావడం, నేల తడిగా ఉండటం, అన్నీ కలిసి చేస్తాయి. మన జిల్లాలో మొగలిపువ్వు అత్తరు బట్టీలు కట్టెలతో ఎక్కువగా నడిచేది ఆ వానాకాలంలోనే. అంత పొగ వదిలినా ఊళ్లు ఉక్కిరిబిక్కిరి కాకపోవడానికి ఆ గాలే కారణం. అవే బట్టీలు జనవరిలో నడిస్తే చుట్టుపక్కలవాళ్లు నిలవలేరు.

తుఫానుల తర్వాతి మాట కూడా చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ. రెండూ అక్టోబరువే. పడిన చెట్ల ఆకు, కొమ్మ ఎండి మంటకు సిద్ధమయ్యేది నవంబరు చివర, డిసెంబరులో, సరిగ్గా పొగ పైకి లేవలేని రోజుల్లో. ఆకును తగలబెట్టకండి. మీటరు లోతు, మీటరున్నర వెడల్పు గొయ్యి తీసి, జానెడు ఆకు మీద బెత్తెడు పేడ, మట్టి చొప్పున పొరలు వేసి తడపండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే నాలుగైదు నెలల్లో ఎరువు. లావు కొమ్మలు పొయ్యికి ఎండబెట్టుకోవచ్చు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సముద్రం దూరం, ఫ్యాక్టరీలు లేవు. అయినా మార్చిలో పొద్దున్నే కొండలు కనపడవు.
విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మీది కొండల మధ్య ఊరు మాస్టారూ. ఇటు 1501 మీటర్ల మహేంద్రగిరి, చుట్టూ గుట్టలు. రాత్రి కొండ వాలు మీద చల్లబడిన గాలి జారి లోయలో చేరుతుంది. మహేంద్రతనయ ఒడ్డున పొగమంచు ముందు పట్టేది అందుకే. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడు మంటలు, అడవిలో ఎండుటాకు మంటలు తోడవుతాయి. పగలు ఆ పొగ పైకి పోయినట్టే కనిపిస్తుంది. రాత్రి వాలుగాలితో మళ్లీ లోయలోకి దిగుతుంది. పదింటికల్లా విడిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ రెండు నెలలు తెల్లవారు నడక మానేసి సాయంత్రం నడవాలి. పోడు చేసేవాళ్లను తిట్టడం వల్ల ఏమీ రాదు, వాళ్ల తిండి అది. చెలక చుట్టూ ఆరేడు అడుగుల వెడల్పు ఆకు ఊడ్చి, మధ్యాహ్నం గాలి కదులుతున్నప్పుడు మంట పెట్టి, చీకటి పడేలోపు ఆర్పితే అడవికి పాకదు, రాత్రికి కుమిలే పొగ తగ్గుతుంది.

ప్రశ్న: అబ్బాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది. అక్కడ గాలి మనకన్నా చెడ్డదా?
ఇచ్ఛాపురం పాఠకుడు

జవాబు: ఊరిలో ఎక్కడ ఇల్లు తీసుకుంటాడన్న దాన్ని బట్టి. బరంపురం విశాలమైన మైదానం, గాలి వీస్తే ఏ అడ్డూ లేకుండా ఊడ్చేస్తుంది. విశాఖ పాత ఊరు, రేవు, పక్కనున్న పెద్ద పరిశ్రమలు ఉత్తరాన కైలాసగిరి వరుస, దక్షిణాన యారాడ కొండ వరుస మధ్య పల్లంలో ఉన్నాయి. సముద్రపు గాలి రేవు దుమ్మును, పరిశ్రమల పొగను ఆ రెండు వరుసల మధ్యగా లోపలికి తోస్తుంది, పక్కలకు పోనివ్వదు. రాత్రి భూమి గాలి అదే దారిలో వెనక్కి తెస్తుంది. కైలాసగిరికి ఉత్తరంగా, సముద్రానికి ఎదురుగా ఉండే ఇళ్లకు ఈ బాధ తక్కువ. ఇల్లు చూసేటప్పుడు డిసెంబరులో ఒక ఉదయం, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వెళ్లి, కిటికీ చట్రాన్ని తెల్లగుడ్డతో తుడిచి చూడమనండి. నల్లగా జిడ్డుగా అంటితే మసి, బొగ్గు. గరగరగా తెల్లగా ఉంటే ఉప్పు, ఇసుక.

ప్రశ్న: మా తెలుగు వీధిలో భోగిమంట ఇంటికొకటి వేస్తాం. పొగ పొగ అని మా పండగ మానమంటారా?
యువజన సంఘం, బరంపురం

జవాబు: మానమనం. లెక్క చూడండి. ఒక మంటలో 50 కిలోల కట్టె కాలితే, కిలోకు సుమారు 8 గ్రాముల సన్నపొగ చొప్పున 400 గ్రాములు. భోగి తెల్లవారుజామున పొగ లేవగల ఎత్తు వంద మీటర్లే అనుకుంటే, అరకిలోమీటరు పొడవు, అరకిలోమీటరు వెడల్పున్న పేటలో గాలి రెండున్నర కోట్ల ఘనపు మీటర్లు. గాలి కదలకపోతే ఒక మంట పేట మొత్తానికి ఘనపు మీటరుకు 16 మైక్రోగ్రాములు కలుపుతుంది. పది మంటలైతే 160. అవే పది మంటలు మధ్యాహ్నం వెయ్యి మీటర్ల ఎత్తు దొరికినప్పుడు వేస్తే 16.

వేళ మార్చడం ఆచారానికి కుదరదు, మంటల సంఖ్య మార్చడం కుదురుతుంది. పేటకు ఒకటి వేయండి, అందరూ అక్కడికే రండి. బాగా ఎండిన కట్టె, పిడకలు వాడండి. పచ్చి కట్టె మంటకన్నా పొగే ఎక్కువ ఇస్తుంది. రెండు చెక్కలు తాటిస్తే టంగుమనాలి, బద్దుమంటే తడి ఉన్నట్టు. టైర్లు, రెగ్జిను కుర్చీలు, రంగేసిన ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు మాత్రం ఒక్క ముక్క కూడా వేయొద్దని ప్రాధేయపడుతున్నాం. ఆ పొగ పసిపిల్లలకు విషం. చివర్న నిప్పుల్ని నీళ్లతో పూర్తిగా ఆర్పండి, కుమిలే బూడిదే రోజంతా పొగ ఇస్తుంది.

ప్రశ్న: చలికాలం కిటికీలు మూసుకుని పడుకుంటున్నాం. ఎయిర్ ప్యూరిఫయరు కొనాలా? ఎంత సైజు?
గృహిణి, బరంపురం

జవాబు: ముందు దోమల చుట్ట మానండి. మూసిన గదిలో ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. బయటి పొగ రాకుండా కిటికీ మూసి లోపల చుట్ట వెలిగిస్తే మూసి ఏం లాభం? దోమతెర కట్టుకోండి. అగరుబత్తి కూడా పడకగదిలో వద్దు.

వంటింట్లో పోపు, వేపుళ్ల పొగకు తొమ్మిదంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను సరిపోతుంది. కానీ ఎదురుగా గాలి లోపలికి వచ్చే సందు ఉండాలి. అన్నీ మూసేసి ఫ్యాను వేస్తే అది తిరుగుతుంది తప్ప పొగను లాగదు.

ఇవి చేశాక, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో పసివాళ్లో ఉంటే కొనండి. పది అడుగులు, పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అంటే 1200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. గదిలోని గాలి గంటకు ఐదుసార్లు ఫిల్టరు గుండా తిరగాలి. అంటే గంటకు 170 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇచ్చేది కావాలి. పెట్టె మీద ఆ అంకె రాసి ఉంటుంది, గది సైజు అని రాసిన దాన్ని నమ్మకండి. ఆ అంకె అన్నిటికన్నా ఎక్కువ వేగం మీద ఇచ్చినది. రాత్రి చప్పుడు లేకుండా తక్కువ వేగం మీద పెట్టుకుంటారు కాబట్టి 250 పైన ఉన్నదే తీసుకోండి. గోడకు అడుగు దూరం వదలండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడిపి, తర్వాత ఆపేయండి. వానాకాలం లోపలే వదిలేస్తే మన తేమకు ఫిల్టరు బూజు పడుతుంది. తీసి, ఎండలో అరగంట ఉంచి, గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి అల్మారాలో పెట్టండి. మళ్లీ నవంబరులో వాసన చూసి, ముక్కిపోయిన వాసన వస్తే కొత్తది వేయండి.